కాఫీ అవ్వ తోలు పుస్తకం

"మేకు పీకెయ్యాల్నా అమ్మా?"

మేడ మీది గదికి రంగులేసే అతను మెట్ల దాకా వచ్చి అడిగిండు. కొత్తగా కిరాయికి వచ్చేవాళ్ళు సోమవారం దిగుతామన్నరు. గదిలో తూర్పు గోడకు, మనిషి తల కంటే జెర ఎత్తున, ఒక్కటే మేకు.

"ఉండనియ్యి. చుట్టూ వెయ్యి, దాని మీద రంగు పడనియ్యకు" అన్న.

"తుప్పు పట్టిన మేకమ్మా."

"పట్టనియ్యి."

అతను నా దిక్కు ఓసారి చూసి లోపలికి పోయిండు. నేను అక్కడే మెట్టు మీద కూర్చున్న. పోయిన సంవత్సరం వానకాలం నుంచి చలి పోయే దాకా ఆ మేకుకు ఒక తోలు సంచి వేలాడింది. సంచిలో ఒక పుస్తకం. ఆ పుస్తకం మనిషి ఇప్పుడు లేదు.

ఆమె పేరు నాకు తెలుసు, ఇక్కడ రాయను. మా ఇంద్రేశం కాలనీలో, మా లైన్లో అందరికీ ఆమె కాఫీ అవ్వ. ఆఫ్రికాలో ఇథియోపియా అనే దేశం, అక్కడ కొండల మీది ఊరు. ఆమె బిడ్డ పటాన్‌చెరు దగ్గర మెట్టపంటల పరిశోధన కేంద్రంలో జొన్న మీద చదువు చదివేది. బిడ్డ ఒక్కతే ఉంటుందని తల్లి వచ్చింది. వచ్చిన రోజు ఆటో దిగి, మా గడప ముందట చెప్పులు విడిచి, గడపను చేత్తో తాకి ఆ చేతిని ముద్దు పెట్టుకున్నది. తెల్లటి నూలు శాలువా తల మీది నుంచి మోకాళ్ళ దాకా. మెడలో నల్లటి దారం, మన పిల్లలకు కట్టే మొలతాడు లెక్క. బిడ్డ నవ్వి, "బాప్తిస్మం నాడు కడతరక్కా, చచ్చేదాకా తియ్యరు" అని చెప్పింది. ఆ పిల్ల రెండేళ్ళ నుంచి ఇక్కడే ఉండి కొంత హిందీ, కొంత తెలుగు పట్టుకున్నది. నాది కంపెనీ కూలీల దగ్గర నేర్చిన హిందీ. ఆ రెండిటి మధ్యల మా మాటలన్నీ నడిచినయ్.

కాఫీ అవ్వ అని పేరు ఎట్లా పడ్డదో చెప్తా. మబ్బు పట్టిన రోజు పాశమైలారం దిక్కు నుంచి మందుల కంపెనీల వాసన వస్తది, ముక్కు మూసుకుంటం. ఆ వాసన మొదలైందంటే అవ్వ మేడ మీద పచ్చి కాఫీ గింజలు పెనంలో వేసి వేయించేది. పక్కన సాంబ్రాణి. పొగ లేస్తుంటే ఆ పెనం పట్టుకుని కిందికి దిగి, ఇంటింటి ముందట నిలబడి పొగను మా దిక్కు విసిరేది. తర్వాత మూడుసార్లు కాఫీ పోసేది. ఒక్కసారి తాగి లేచినోళ్ళను చెయ్యి పట్టి కూర్చోబెట్టేది. మూడోసారి తాగితేనే దీవెన తగులుతదట.

ఎవరు ఏది అడిగినా ఆమె జవాబు ఒక్కటే. బాగున్నవా అవ్వా? "ఇగ్జియాబ్హేర్ యిమెస్గెన్." మోకాలు నొప్పి తగ్గిందా? "ఇగ్జియాబ్హేర్ యిమెస్గెన్." ట్యాంకర్ రాలే, నీళ్ళు లేవు అవ్వా. దానికీ అదే. దేవునికి స్తోత్రం, దేవుని దయ అని దాని అర్థమట. నేను కూడా ప్రతిదానికీ దేవుని దయ అనేదాన్నే. మా ఆయన ఎక్కిరించేటోడు: "కిందొకతె, మీదొకతె. పైకప్పు కారుతుంటే కూడా దేవుని దయేనా?"

"కప్పు ఉన్నందుకు" అన్న నేను.

మొదటి బుధవారం ఆమెకు పాలు పోసిన చాయ్ ఇచ్చిన. రెండు చేతులతో తీసుకున్నది, కళ్ళకద్దుకున్నది, తాగలే. చల్లారేదాకా ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నది. నాకు మనసు చివుక్కుమన్నది. గురువారం పొద్దున్నే ఆమే దిగివచ్చి, ఖాళీ గ్లాసు ముందట పెట్టి, పొయ్యి దిక్కు చూపించింది, ఇప్పుడు చాయ్ పొయ్యి అన్నట్టు. బుధవారం, శుక్రవారం వాళ్ళకు ఒక్కపొద్దు. పాలు, నెయ్యి, మాంసం ముట్టరు, మధ్యాహ్నం దాటేదాకా నీళ్ళు కూడా తాగరు. వద్దంటే ఇచ్చినామె చిన్నబుచ్చుకుంటుందని పట్టుకుని కూర్చున్నదట. నేను శనివారం ఒక్కపొద్దు ఉంటనని వేళ్ళతో చూపించిన. ఆమె నా చెయ్యి లాక్కుని భుజానికి భుజం ఆనించింది. ఆనాటి నుంచి మేమిద్దరం ఒకటి.

ఇగ పుస్తకం. మేకపిల్ల తోలు మీద వాళ్ళ నాయిన చేత్తో రాసింది. నల్లసిరా, దేవుని పేరు వచ్చిన చోట ఎర్రసిరా. దావీదు కీర్తనలు, వాళ్ళ పాత భాషలో. ఆ భాష ఇప్పుడు ఎవరి ఇంట్లోనూ మాట్లాడరట, గుడిలోనే బతికున్నది. వాళ్ళ నాయిన పూజారి. ఆడపిల్లలకు అది చెప్పే ఆనవాయితీ లేదు. కొడుకులు లేరు కాబట్టి ఇంట్లోనే ఈమెను కూర్చోబెట్టి చెప్పిండట. "అర్థం తర్వాత, ముందు నోటికి రావాలె. ఒక్క మాట తప్పితే మళ్ళా మొదటి నుంచి."

ఆ మాట బిడ్డ నోట విని నేను నవ్విన. కొండాపూర్ దిక్కు మా పల్లెలో మా తాత నాకు చెప్పినదీ అదే. బడి దూరమని నన్ను పంపలే. అరుగు మీద చింతగింజలు పోసి, ఒక్కో పద్యానికి ఒక్కో గింజ పక్కకు జరిపేటోడు. తప్పితే గింజలన్నీ మళ్ళా కుప్పలో కలిపేటోడు. పారాయణం అయినంక పుస్తకం మూసి రెండు కళ్ళకద్దుకోవాలె, అప్పుడే లేవాలె. నేను చదువుకున్నదంతా ఆ అరుగు మీదనే. అది కూడా దొరకని వాళ్ళు ఎంతమంది! అందుకే ఈనాటికీ ఆ అరుగుకు మనసులో మొక్కుకుంటా.

అవ్వకు రోజుకొక వంతు. ఏ వారం పాటలు ఆ వారమే. పుస్తకం ముందట తెరిచి పట్టుకునేది కానీ దాని దిక్కు చూసేది కాదు. తూర్పుకు నిలబడి, చేతికర్ర మీద బరువు పెట్టి, మెల్లగ ఊగుతూ పాడేది. నేను కింద నా పారాయణం ముగించుకుని, బట్టలు ఆరేసే వంకతో మీదికి పోయి, గడపలో కూర్చుని కూర గిల్లేదాన్ని. మాట ఒక్కటి తెల్వదు. కానీ చేతులు తెలిసినయ్. బుధవారం ఒక చోటికి వచ్చేసరికి కర్ర గోడకు ఆనించి రెండు చేతులు బారజాపేది. మంగళవారం ఒక పాట ఉండేది, తప్పు ఒప్పుకునే పాటట. దాంట్లో సగం దాటినంక, వంగలేక వంగి, మూడు వేళ్ళు నేలకానించి, ఆ వేళ్ళు గుండె మీద పెట్టుకునేది. చివరికి పుస్తకాన్ని ముద్దు పెట్టుకుని నొసటికి తాకించేది. ఎన్ని మంగళవారాలు చూసిన్నో లెక్క లేదు.

బుధవారం చేతులు ఎందుకు చాపుతవని ఒకసారి అడిగిన. "ఆ పాటలో మా దేశం పేరున్నది. మా దేశం దేవుని దిక్కు చేతులు చాపుతదని రాసి ఉన్నది. రాసి ఉన్నప్పుడు చాపాలె గద" అన్నది.

మా ఎదురింటి ఎస్తేరమ్మకు మొదట చాలా సంబరమైంది, మనోళ్ళే వచ్చిన్రని. పది రోజులకు నా దగ్గరికి వచ్చి గొంతు తగ్గించి, "ఏంది వదినా ఈమె భక్తి? తురకోళ్ళ లెక్క నేలకు వంగుతది. పంది కూర వద్దంటది. శనివారం కూడా విశ్రాంతి అంటది. మీ అయ్యగార్ల కంటే ఎక్కువ మడి! మా పాస్టరయ్యను అడగాలె, ఈమె మా లెక్కల వస్తదా రాదా అని" అన్నది.

ఆ ఆదివారం కాఫీ దగ్గర మా ఆయన నేరుగా అడిగేసిండు. "మీ దగ్గరికి కూడా దొరలొచ్చి మతంల కలిపిండ్రా అవ్వా, ఇంగ్లీషోళ్ళు?"

బిడ్డ ఆ మాట మార్చి చెప్పింది. అవ్వ ముందు అర్థం కానట్టు చూసింది. తర్వాత నవ్వు మొదలుపెట్టింది, శాలువా నోట్లో కుక్కుకుని నవ్వింది. కళ్ళు తుడుచుకుని అన్నది: "దొరలు చెట్లకు మొక్కే కాలంలో మా తాతలు మేకతోలు ఆరబెట్టుకుని దావీదు పాటలు రాసుకుంటున్నరు. మాకు వాళ్ళు ఏం చెప్తరు?"

ఎస్తేరమ్మ గ్లాసు కింద పెట్టేసింది.

అవ్వ అప్పుడు తీరుబడిగా చెప్పింది. వాళ్ళ రాణి ఒకామె సొలొమోను రాజును చూడ పోయిందట. వాళ్ళిద్దరికి పుట్టిన కొడుకు పెద్దయి, తండ్రిని చూసి తిరిగివస్తూ, దేవుని ఆజ్ఞలున్న మందసాన్ని తమ కొండలకు తెచ్చుకున్నడట. అది ఇప్పటికీ అక్కడ ఉన్నది. దాని పోలికది ఒక్కొక్కటి ప్రతి గుడిలో లోపలి గదిలో బట్ట కప్పి ఉంటది, అది లేకపోతే ఆ కట్టడం గుడి కాదు. పూజారి తప్ప ఎవరూ చూడరు. మోషే విడిచినట్టు అందరూ చెప్పులు విడిచే లోపలికి పోతరు. వాళ్ళ బైబిలులో ఎనభై ఒక్క పుస్తకాలు. తక్కినోళ్ళు పారేసుకున్నవి కూడా వాళ్ళు దాచుకున్నరట.

"ఇదంతా నిజంగ జరిగిందంటవా?" అన్నడు మా ఆయన.

అవ్వ గుండె మీద చెయ్యి పెట్టుకున్నది. "అందరూ పుస్తకాన్ని చదువుతరు. మేం పుస్తకం లోపల ఉన్నోళ్ళం. లోపలున్నోళ్ళను జరిగిందా అని అడుగుతరా?"

ఎస్తేరమ్మ మెల్లగ గ్లాసు మళ్ళా తీసుకున్నది. "ఇంకొంచెం పొయ్యి అవ్వా" అన్నది. ఆ తర్వాత వాళ్ళ పాస్టరయ్యను అడిగిందో లేదో, నాకు చెప్పలే.

అంత నిబ్బరం ఉన్న మనిషికి ఒకటే బెంగ. వాళ్ళలో ప్రతి ఇంటికీ ఒక పూజారి ఉంటడు, ఆత్మతండ్రి అంటరు. చేసిన తప్పు ఆయన చెవిలో చెప్పుకుంటే, ఆయన విడుదల మాట అంటడు. అవ్వ ఒక సంగతి పదమూడు ఏండ్లుగా ఆయనకు చెప్పకుండ దాచింది. నాతో ఆ మాట అన్నది మాఘమాసం మొదట్లో, జొన్నపిండి కలుపుతూ, బిడ్డ మార్చి చెప్తుంటే. వాళ్ళ పులిసిన అట్టు మన జొన్నపిండితోనే పోసేది, మా పెద్ద పెనం మీద, ఒక్క దిక్కే కాల్చి.

"ఏంది అవ్వా ఆ సంగతి?" అని నేను అడగలే. అడగరాదు. "ఫోన్లనే చెప్పరాదు?" అన్న.

పిండి చేతులు ఊపింది. "పాపం ఫోన్ల చెప్తరా? మోకాళ్ళ మీద పడి చెప్పాలె. పెద్ద ఉపవాసానికి ముందు ఊరికి పోతున్న గద, పోంగనే చెప్తా. చెప్పకుండ చావను." నవ్వింది. "ఇగ్జియాబ్హేర్ యిమెస్గెన్."

విమానం వారం ఉందనంగ పక్షవాతం వచ్చింది. పొద్దున పాట మధ్యల పడిపోయింది. కుడిచెయ్యి, కుడికాలు, మాట, మూడూ ఒక్కసారే పోయినయ్. సంగారెడ్డి రోడ్డు మీది దవాఖానకు తీసుకుపోయినం. వాళ్ళు చేయగలిగింది చేసిన్రు. ప్రాణం నిలిచింది, కొన్ని వారాలు విమానం ఎక్కించవద్దన్నరు, మాట వస్తదో రాదో చెప్పలేమన్నరు. ఇంటికి తెచ్చినంక మా కింది గదిలోనే మంచం వేసిన. తోలు సంచి తెచ్చి ఆమెకు కనిపించేటట్టు కిటికీకి తగిలించిన.

బిడ్డ పేరు పిలవలేదు. నీళ్ళు అనలేదు. కళ్ళు మాత్రం వెతికేవి. బిడ్డ ఎదురుగ కూర్చుని "అమ్మా, అది చెప్పాలనా? ఆయనకు చెప్పాలనా?" అంటే గొంతులో నుంచి "ఆ... ఆ..." అని వచ్చేది, కన్నీళ్ళు వచ్చేవి, అంతే. చూసి తట్టుకోలేక నేను వంటింట్లోకి పోయేదాన్ని. చెయ్యడానికి ఏమీ లేనప్పుడు వంటింట్లో ఏదో ఒకటి దొరుకుతది గద.

ఒకనాడు ఆమె చచ్చుబడ్డ చేతికి నూనె రాస్తూ, అలవాటున నా పద్యం ఒకటి నోట్లో అనుకుంటున్న. ఉన్నట్టుండి అవ్వ నోరు తెరిచింది. పాట! పాత భాషలో, తడబాటు లేకుండ, గింజలు జారినట్టు. గుమ్మంలో బిడ్డ చేతిల గిన్నె కింద పడ్డది. ఆ చప్పుడుకు పాట ఆగింది. మళ్ళా మొదలుపెట్టరాలే, "ఆ... ఆ..." అన్నది.

డాక్టరును అడిగితే, సొంతంగ మాట్లాడే మాట పోయినా, చిన్ననాడు కంఠస్థం చేసింది ఒక్కోసారి మిగులుతదన్నడు. బుధవారం నాడు మళ్ళా పాట వచ్చింది, తమ దేశం పేరున్న చోట ఎడమచెయ్యి ఒక్కటే చాపింది. కుడిచేతిని బిడ్డ పట్టుకుని చాపింది.

ఈ సంగతి బిడ్డ తమ ఊరికి చెప్పి పంపింది. ఆత్మతండ్రి ఉండే చోట ఫోను అందదు, ఎవరో గుట్ట ఎక్కించి మాట్లాడించాలె. మంగళవారం పొద్దున పది గంటలప్పుడు ఫోను వచ్చింది. ముసలి గొంతు, పగిలిన డప్పు లెక్క. ఆ గొంతు వినంగనే అవ్వ లేవబోయింది, మోకాళ్ళ మీదికి. మేమిద్దరం పట్టుకున్నం. ఆయన ఏదో అడిగిండు. "ఆ... ఆ..." అన్నది.

తర్వాత ఆయన అన్నది బిడ్డ నాకు మార్చి చెప్పింది: "ఆమె సంగతి ఆమె చెప్పలేకపోతే ఆ పాట చెప్పమను, తప్పు ఒప్పుకునే పాట. మొదటి నుంచి చివరి దాకా. ఆమె దాచిందంతా దాంట్లోనే పెడుతున్నదని నేను అనుకుంటా. పూర్తి కాంగనే విడుదల మాట అంటా."

ఆయనే మొదటి మాట అందిచ్చిండు. అవ్వ అందుకున్నది. సగం దాకా వచ్చిందో లేదో, ఫోను కుయ్యిమని తెగిపోయింది. పాట ఆగింది.

అవ్వ ఫోను దిక్కు చూసింది, బిడ్డ దిక్కు చూసింది. బిడ్డ సంచిలో నుంచి పుస్తకం తీసి గబగబ పేజీలు తిప్పింది. "అక్షరాలు మావే అక్కా, చదువుతా. ఎక్కడ ఆగిందో తెల్వదు. ఈ భాష నాకు రాదక్కా!" పుస్తకం నా చేతిల పెట్టి, ఫోను పట్టుకుని సిగ్నల్ కోసం మేడ మీదికి ఉరికింది.

నేను, అవ్వ మిగిలినం. నాకు వాళ్ళ అక్షరాలు కూడా రావు. ఆమె నన్నే చూస్తున్నది, అరుగు మీద పద్యం మరిచి తాతను చూసే నా లెక్కనే. దేవుడా, ఈ ఒక్కటి అందించనియ్యి అనుకున్న. మాట లేదు నా దగ్గర. చేతులు గుర్తొచ్చినయ్. సగం దాటినంక మూడు వేళ్ళు నేలకు. ఇంకా ఆ చోటు రాలేదు. వంగిన, మూడు వేళ్ళు నేలకానించిన, లేచి ఆ వేళ్ళు ఆమె గుండె మీద పెట్టిన, నల్లదారం పక్కన.

అవ్వ కళ్ళు పెద్దవైనయ్. పాట వచ్చింది. మెల్లగ, ఒక్కో మాటకు ఊపిరి వెతుక్కుంటూ. ఎంతసేపో తెల్వదు. తర్వాత ఆగింది.

ఆగింది, నేను చూసిన. నోరు కొంచెం తెరిచే ఉన్నది. అయిపోయిందని అనుకున్న. ఆలోచించలే, చెయ్యి దానంతట అదే పోయింది, నలభై ఏండ్ల అలవాటు. పుస్తకం మూసి ఆమె పెదాలకు తాకించిన, నొసటికి తాకించబోయిన. అప్పుడు ఆ తోలు కింద పెదాలు కదిలినయ్.

అది ముద్దో, మిగిలిన మాటో నాకు తెల్వదు.

పుస్తకం తీసేసరికి పెదాలు ఆగిపోయినయ్. మెట్ల మీద చప్పుడు. బిడ్డ ఉరికివచ్చింది, ఫోన్ల ఆ ముసలి గొంతు. "అక్కా, అడుగుతున్నడు. పూర్తయిందా? చివరి దాకా?"

నేను అవ్వ దిక్కు చూసిన. తల ఊపలే, కళ్ళు మూయలే, నన్ను చూస్తున్నదంతే. అయిందంటే అబద్ధమేమో. కాలేదంటే, మళ్ళా మొదటి నుంచి చెప్పే సత్తువ ఆమెకు లేదు, ఆ ఫోను ఎంతసేపు ఉంటదో తెల్వదు. ఏది అడిగినా ఆమె చెప్పే జవాబే నా నోటికి వచ్చింది.

"ఇగ్జియాబ్హేర్ యిమెస్గెన్" అన్న.

ఫోన్ల ఆయన ఒక్క క్షణం ఆగిండు, కొత్త గొంతు తన మాట అన్నందుకేమో. తర్వాత విడుదల మాట మొదలుపెట్టిండు. అది అయ్యేదాకా ఫోను తెగలే. అవ్వ ఎడమకన్ను నుంచి నీళ్ళు చెవిలోకి కారినయ్, నేను కొంగుతో తుడిచిన.

శుక్రవారం పొద్దున, ఒక్కపొద్దు నాడే, పోయింది. ఆమెను వాళ్ళ ఊరికి పంపే కాయితాలన్నీ అయ్యేసరికి ఆరు రోజులు పట్టింది. ఎస్తేరమ్మ తన తెల్లచీర తెచ్చి పెట్టె లోపల పరిచింది. "మా లెక్కల ఆమె రాదు వదినా," అన్నది ఏడుస్తూ, "ఆమె లెక్కల మేం వస్తే చాలు."

విమానాశ్రయానికి పోయే ముందు బిడ్డకు ఉన్నదున్నట్టు చెప్పేసిన. నేను పుస్తకం తొందరపడి మూసిన్నేమో అని. ఆ పిల్ల తోలు సంచిని ఒళ్ళోకి తీసుకున్నది.

"నువ్వు అమ్మ ఎదురుగ ఉన్నవక్కా. నేనైనా అంతే చేసేదాన్ని. ఆ పాట ఎక్కడ అయిపోతదో నాకూ తెల్వదు. ఎన్నిసార్లు నేర్చుకొమ్మన్నదో."

ఆ తల్లిని మా ఇంటికి పంపినందుకు దేవునికి రోజూ దండం పెట్టుకుంటా. దండం పెట్టుకుంటుంటేనే ఆ పెదాలు నా కళ్ళ ముందట కదులుతయ్. ఇప్పుడు నా పారాయణం అయిపోయినా పుస్తకం వెంటనే మూయను. తెరిచిపెట్టి కూర్చుంటా. ఈ పొద్దు కూడా మా ఆయన డ్యూటీకి పోతూ చెప్పులేసుకుని గుమ్మంలో నిలబడ్డడు.

"అయిపోయింది గద, చాయ్ పెడతవా?"

"జెర ఆగు" అన్న.